మంచినీళ్ళివ్వని ఇల్లు

తొమ్మిదో భాగం

పడవ అమ్మేసిన చోట పోయినవారం ఆగాం. తండ్రి చేయించిన పడవని వలలతో సహా పక్కపేటవాళ్ళకి అప్పగించి, గంగరాజు ఒడ్డున నిలబడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అప్పటికి నీలమ్మపేటలో వాళ్ళ వంటింటిని సముద్రం తీసుకుపోయి పన్నెండు రోజులైంది. మిగిలిన గదిన్నర వచ్చే అమావాస్య పోటుకి నిలబడుతుందని ఆ వీధిలో ఎవరూ అనుకోవడం లేదు. కూతురు సాయిదుర్గని పుస్తకాల సంచితో సహా మేనత్త ఇంటికి పంపేశారు. ఇక ఉన్న ఆశ అంతా సామర్లకోట రోడ్డు మీద గొల్లలమెరకలో ఉన్న బుల్లియ్య గారి డాబా మీదే. గట్టి ఇల్లు, సగానికి సగం చవక. ఎందుకు చవకో ఎవరూ దాచలేదు. ప్రహరీ అవతలే రొయ్యల ప్లాంటు ఉంది.

ఆ వాసన ఎలాంటిదంటే, ఇల్లు చూడడానికొచ్చిన రైతులు ముక్కుకి రుమాలు కట్టుకుని వీధిగుమ్మం దగ్గర్నుంచే వెనక్కి తిరిగారు. ఒక మాస్టారు కారు అద్దం కూడా దించలేదట. గంగరాజు కుటుంబం మాత్రం అదే పెరట్లో నిలబడి హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఎండుచేపల పందిళ్ళ కింద పుట్టి, ఆ పందిళ్ళ పక్కనే పెళ్ళిపీటలెక్కినవాళ్ళకి రొయ్యపొట్టు వాసన ఒక లెక్కా? "అందరూ వద్దన్నారు కాబట్టే ఇది మనకి మిగిలిందే కోడలా," అని గంగరాజు తల్లి పాపాయమ్మ ఆ రోజు నవ్వింది కూడా. చేపలవాళ్ళు కాబట్టే అలా నవ్వగలిగారు, చేపలవాళ్ళు కాబట్టే పొరపడ్డారు. ఇంటికున్న రోగం వాసనొక్కటే అనుకున్నారు. ఆ వాసన తమకి పట్టదు కాబట్టి ఇక ఏ రోగమూ లేదనుకున్నారు.

అనుమానం ముందుగా వచ్చింది పాపాయమ్మకే. మూడోసారి ఇల్లు చూసి తిరిగొస్తుంటే షేర్ ఆటోలో కోడలు వెంకటదుర్గ మోచేతి మీద పొడిచింది.

"దుర్గా, ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళామే మనం?"

"మూడుసార్లు."

"మొదటిసారి ఏం తాగాం?"

"కూల్‌డ్రింకు ఇచ్చారు కదా."

"రెండోసారి?"

"బొండాలు. ఇవాళ బాదంపాలు. మంచి మర్యాదస్తుడత్తా ఆయన."

"మరి మంచినీళ్ళు ఎప్పుడిచ్చాడు?"

వెంకటదుర్గ మళ్ళీ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ఈ జిల్లాలో పగవాడు గుమ్మంలోకొచ్చినా ముందు గ్లాసుడు నీళ్ళిచ్చి ఆ తర్వాతే తిడతారు. అటువంటిది ఇల్లు కొనడానికొచ్చినవాళ్ళకి మూడుసార్లూ నీళ్ళు అందలేదు.

"ఇంకోటి విను," అంది పాపాయమ్మ. "పెరట్లో ఆరు కొబ్బరిచెట్లు పెట్టుకుని, బండివాడి దగ్గర బొండాలు కొనుక్కొచ్చే రైతుని నువ్వెక్కడైనా చూశావా?"

ఆ మాటలు గంగరాజుతో చెబితే విసుక్కున్నాడు. వారం రోజులుగా అతను అన్నిటికీ విసుక్కుంటూనే ఉన్నాడు. పడవ పోయాక కాకినాడ హార్బరులో పని దొరికిందని తెల్లవారుజాము బస్సుకి వెళ్ళి సాయంత్రం వస్తున్నాడు. చేతులు బ్లీచింగ్ వాసన కొడుతుంటే, చేపల షెడ్డు కడిగే పనేమో, చెప్పుకోడానికి సిగ్గుపడుతున్నాడేమో అనుకుంది వెంకటదుర్గ. సముద్రం మీద రాజులా తిరిగిన మనిషిని అడిగి చిన్నబుచ్చడం ఇష్టంలేక ఊరుకుంది.

పాపాయమ్మ ఊరుకునే రకం కాదు. గురువారం సాయంత్రం నాలుగు కొరమీనుల్ని తడి గోనెసంచిలో కట్టుకుని గొల్లలమెరకలో దిగింది.

కొరమీను సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట. నీళ్ళలోంచి తీసి తడి గోనెలో చుట్టినా గంటలకొద్దీ బతికే చేప అది. చెరువెండితే బురదలో దూరి వానకోసం కాచుకుని కూర్చుంటుంది. బతికుంటేనే దానికి బేరం, చచ్చినదాన్ని ఎవరూ ముట్టరు. అందుకే నలభై ఏళ్ళుగా సామర్లకోట చేపల బజారులో బేసిన్లు పెట్టుకుని కూర్చున్న పాపాయమ్మకి ఏ ఊరి నీళ్ళు చేపకి పడతాయో, ఏ కుళాయి నీళ్ళు ఒకపూట నిలవపెట్టి వాడాలో కంఠతా వచ్చు.

"రేపు పొద్దున్న బజారుందండి. అంతదూరం మళ్ళీ పేటకి మోసుకెళ్ళలేను. ఈ రాత్రికి మీ తొట్లో మూడు చేపల్ని వదులుతానండి బుల్లియ్య గారూ," అని అడిగింది.

బుల్లియ్య గారికి అరవై ఎనిమిదేళ్ళు. ఎదటి మనిషి మొహం మీద కాదనలేని రైతు. నీచు వాసనన్నాడు, తొట్టి పాచిపట్టిందన్నాడు, పిల్లులు తిరుగుతాయన్నాడు. చివరికి పక్కకి తప్పుకున్నాడు. పాపాయమ్మ మూడు చేపల్ని పెరటి సిమెంటు తొట్లో వదిలి, పైన రేకు మూసి, రాయి పెట్టింది. నాలుగోదాన్ని సంచిలోనే ఉంచి బజారులో తనకి తెలిసిన ఐసు షెడ్డులో పెట్టించింది. మర్నాడు శుక్రవారం. అగ్రిమెంటు రాసుకునే రోజు.

ఆ శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి అందరూ బుల్లియ్య గారి వసారాలో కూర్చున్నారు. దస్తావేజులు రాసే జయపాల్ కళ్ళజోడు సర్దుకుని, "పదిన్నరకి రాహుకాలం వచ్చేస్తుందండి. ఈలోపు సంతకాలు, బయానా అయిపోవాలి," అన్నాడు. గంగరాజు పడవ డబ్బున్న సంచిని ఒళ్ళో పెట్టుకుని, ఒక చెయ్యి జేబులో దూర్చి కూర్చున్నాడు. ఎందుకో అస్తమానం ఆ జేబు తడుముకుంటున్నాడు.

జయపాల్ చిత్తు కాగితం పైకి చదివాడు.

"సదరు స్థలములో గల డాబా ఇల్లు, పశువుల పాక, రెండు బోర్లు, ఆరు కొబ్బరిచెట్లు, ప్రహరీ సహా... సరేనాండి?"

"రెండు బోర్లా?" అంది వెంకటదుర్గ. "నేను ఒకటే చూశానండి."

"రెండోది పాతదమ్మా," అన్నాడు బుల్లియ్య, నేలకేసి చూస్తూ. "ప్రహరీ మూల, గడ్డిలో ఉంటుంది. ఎప్పుడో పాడైపోయింది."

"మరి కాగితంలో ఎందుకు?"

"స్థలంలో ఉన్నది ఉన్నట్టు రాయాలి కదమ్మా," అన్నాడు జయపాల్.

అప్పుడే పెరట్లోంచి రేకు కిందపడ్డ చప్పుడైంది. పాపాయమ్మ లోపలికి రాకుండా నేరుగా తొట్టి దగ్గరికి వెళ్ళిందని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. కొంగు నడుముకి దోపుకుని వసారాలోకి వచ్చింది. రెండు చేతుల్లో మూడు కొరమీనులు వేలాడుతున్నాయి. వాటిని తెచ్చి గచ్చు మీద, జయపాల్ కాగితాలకి జానెడు దూరంలో పడేసింది. తెల్లటి పొట్టలు పైకి తిరిగాయి. మొప్పల దగ్గర జిగురు కట్టింది.

"మూడూ పోయాయి," అంది.

గంగరాజు కుర్చీలో ముందుకి జరిగాడు. "ఏంటమ్మా ఈ గోల! శుభమా అని కాగితం రాసుకుంటుంటే చచ్చిన చేపలు తెచ్చి పడేస్తావా? ఎండకి చచ్చుంటాయి."

"కార్తీకమాసంలో ఎండేంట్రా? సాయంత్రం వేశాను, పొద్దున్నకి పోయాయి."

"రేకు మూశావుగా. ఊపిరాడలేదేమో."

"కొరమీనుకి ఊపిరాడలేదా?" పాపాయమ్మ కొడుకు మొహంలోకి పరీక్షగా చూసింది. "నువ్వు చేపలవాడివేనా?"

గంగరాజు ఎర్రబడ్డాడు. "పంచాయతీ వాళ్ళు బ్లీచింగ్ కలిపుంటారు. కుళాయి నీళ్ళకి చేపలు చావడం నువ్వు చూళ్ళేదా?"

"అది కుళాయి తొట్టి కాదు, బోరు తొట్టి. నిన్న సాయంత్రం బుల్లియ్య గారి కళ్ళముందే మోటారేసి నింపాను. బోరులోకి దిగి బ్లీచింగ్ కలిపొచ్చే పంచాయతీ ఎక్కడుందిరా?"

చేపలు పోయింది ఆ నీళ్ళకేనని వెంకటదుర్గకి అర్థమవుతూనే ఉంది. కానీ అత్త చెప్పిందని ఒప్పేసుకోడానికీ మనసు రాలేదు. ఎలా వస్తుంది? ఈ ఇంటి వంటగదికి రెండు కిటికీలున్నాయి. సాయిదుర్గకి చదువుకోడానికి మేడమెట్ల కింద ఒక మూల చూసి పెట్టింది. గ్యాసు బండ ఎక్కడుంచాలో, దేవుడి పటాలు ఏ గోడకి కొట్టాలో పదిసార్లు మనసులో సర్దుకుంది. ఈ ఇల్లు కాదంటే వాళ్ళకి మిగిలేది నీలమ్మపేటలో గదిన్నర, పదమూడు రోజుల్లో అమావాస్య. చేపలు ప్రయాణంలో అలిసిపోయి చచ్చాయని ఎవరైనా గట్టిగా చెబితే బాగుండునని నిజంగా కోరుకుంది.

"అత్తా, నాలుగోది ఎక్కడుంది?" అని అడిగింది.

"సంచిలో. ఆటోలో తెచ్చాను."

"బతికే ఉందా?"

పాపాయమ్మ గుమ్మం పక్కన పెట్టిన గోనెసంచి మూతి విప్పింది. లోపల చేప తోకతో గోనెని టపటపా కొట్టింది.

వెంకటదుర్గ లేచి, వంటింట్లోంచి పెద్ద స్టీలు బేసిను తెచ్చింది. పెరట్లోకి వెళ్ళి స్విచ్చి వేసి, బోరునీళ్ళు కాసేపు కింద పోనిచ్చి, బేసిను నిండా పట్టింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. వాసన చూసింది. రొయ్యల ప్లాంటు వాసన తప్ప ఆ నీళ్ళకి వేరే వాసనేమీ లేదు. బేసినుని తెచ్చి వసారా మధ్యలో పెట్టి, చేపని అందులోకి జారవిడిచి, చిల్లుల గిన్నె బోర్లించింది.

"మనం ఇక్కడే కూర్చుందాం," అంది. "చేప బాగుంటే నేనే సంతకం పెడతాను, అత్తని నేను ఒప్పిస్తాను. పదిన్నర దాకా టైముంది కదండీ జయపాల్ గారూ?"

"గంట పైనే ఉందమ్మా," అన్నాడు జయపాల్. పాతికేళ్ళ వృత్తిలో ఇటువంటి సాక్షిని అతను ఎప్పుడూ చూడలేదు.

ఇల్లు కొనే ముందు గోడలు తట్టి చూసేవాళ్ళుంటారు, వాస్తు చూపించేవాళ్ళుంటారు. ఆ వసారాలో ఐదుగురు మనుషులు గిన్నె చిల్లుల్లోంచి ఒక చేపని చూస్తూ కూర్చున్నారు. మొదట అది బేసిను చుట్టూ గిరగిరా తిరిగింది. గంగరాజు "చూశావా!" అన్నాడు. పది నిమిషాలకి పైకొచ్చి గాలి మింగింది, మళ్ళీ కిందకి పోయింది. అది కొరమీనుకి మామూలే. తర్వాత మరీ తొందరతొందరగా పైకి రావడం మొదలుపెట్టింది. ఒక్కసారి ఎగిరి గిన్నెకి తల కొట్టుకుంది. నీళ్ళు గచ్చు మీద చిందాయి. జయపాల్ కాగితాలు ఒళ్ళోకి తీసుకున్నాడు.

బుల్లియ్య ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. ఈసారి సార్వా పంట బాగుందన్నాడు. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు, వస్తుందో రాదో అన్నాడు. తలుపులన్నీ టేకే, చెద పట్టదన్నాడు. అరగంట గడిచేసరికి ఆయన మాటలు తగ్గిపోయాయి. చేప ఒక పక్కకి ఒరిగింది. మళ్ళీ నిలదొక్కుకుంది. మళ్ళీ ఒరిగి, తల ఇటొకసారి అటొకసారి విసిరింది.

"తీసెయ్యండమ్మా," అన్నాడు బుల్లియ్య.

ఎవరూ కదల్లేదు.

"దాన్ని బయటికి తియ్యండమ్మా, మీకు పుణ్యముంటుంది! చూడలేకపోతున్నాను. మా గేదెలు కూడా అచ్చం ఇలాగే మెడలు విసిరాయి."

పాపాయమ్మ గబుక్కున గిన్నె తీసేసి, చేపని ఎత్తి తడి గోనెలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. వెంకటదుర్గ మాత్రం బుల్లియ్య మొహం మీంచి చూపు తిప్పలేదు.

"ఏ గేదెలండి?"

ఆయన కండువాతో మూతి తుడుచుకున్నాడు. చాలా రోజులుగా బిగబట్టుకున్న మనిషి మాట్లాడినట్టు మాట్లాడాడు.

"నాలుగుండేవమ్మా. పోయిన వేసవిలో రెండు, వానలకి రెండు. డాక్టరు వచ్చి గడ్డి మార్చమన్నాడు. గడ్డి కాదని నాకు తెలుసు. మా ఆవిడ అప్పాయమ్మ కాకినాడలో మా అబ్బాయి దగ్గర ఉందని చెప్పాను కదా. చూడ్డానికి వెళ్ళలేదమ్మా ఆవిడ. కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. నీళ్ళ వల్లే అని డాక్టరు చెప్పలేదు. కాదనీ చెప్పలేదు. ఈ ఇల్లు అమ్మితేనే మళ్ళీ ఏడాది గడుస్తుంది."

"నీళ్ళల్లో ఏముంది?"

"ప్లాంటు కడిగిన నీళ్ళు. బ్లీచింగు, రొయ్యలకి వేసే మందులు, ఇంకా ఏవేవో. ముందు కాలవలోకి వదిలేవారు. చేలు పోతున్నాయని రైతులంతా గొడవ చేశారు. అప్పుడు మేనేజరు మా ఇంటికొచ్చాడు. 'మీ పాత బోరు ఎలాగూ పాడైపోయిందిగా, ఉత్త కడిగిన నీళ్ళే కదా, అందులోకి వదులుకుంటాం' అన్నాడు. నెలకింత ఇస్తామన్నాడు. కాగితమేం లేదు, నోటిమాటే." ఆయన ప్రహరీ మూలకి చెయ్యి చూపించాడు. "పైప్ వేయించుకున్నాడు. నేను దగ్గరుండి గోడకి కన్నం కొట్టించాను. ఎవరో చేసింది కాదమ్మా ఇది. నా గేదెల నోట్లో, నా పెళ్ళాం నోట్లో నేనే పోశాను."

వెంకటదుర్గకి ఆయన మీద జాలి వేసింది. ఆ వెంటనే, జాలి వేసినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"మాకు ఆడపిల్ల ఉందండి," అంది. "పద్నాలుగేళ్ళు. మొన్న ఇక్కడికి తీసుకొస్తే పిల్ల చక్కగా ఉందమ్మా అన్నారు మీరు. ఆ పిల్ల ఈ నీళ్ళు తాగుతుందని మీకు తెలుసు."

"టిన్ను నీళ్ళు కొనుక్కుంటారనుకున్నాను..."

"అన్నం వండుకోడానికి? తలంటుకోడానికి? వాటికీ టిన్నులు కొనగలిగేవాళ్ళమైతే ఈ ఇల్లు ఎందుకు కొంటామండి?"

బుల్లియ్య చేతులు జోడించాడు. "నిన్న సాయంత్రం మీ అత్తగారు చేపలు వదిలి వెళ్ళాక టిన్ను తెచ్చి తొట్లో నీళ్ళు మార్చేద్దామనుకున్నానమ్మా. రేకు తీశాను కూడా. చెయ్యి రాలేదు. పోన్లే, అవే చెబుతాయి అనుకున్నాను. నాకెలాగూ నోరు రాదు."

పాపాయమ్మ లేచింది. "దుర్గా, పద. ఒరేయ్, సంచి పట్టుకో. సముద్రమైతే చెప్పి మరీ వస్తుంది. ఇది చెప్పకుండా తాగిస్తుంది."

గంగరాజు లేవలేదు. సంచి ఒళ్ళోనే ఉంది, చెయ్యి జేబులోనే ఉంది.

"ఎక్కడికి పోదామే అమ్మా?" అన్నాడు. "పడవుందా ఎక్కి పోవడానికి? అద్దెకి వెళ్దామంటే చేపలవాళ్ళకి ఇవ్వమని రెండు ఊళ్ళలో అనిపించుకున్నాం. గవర్నమెంటు స్థలం అంటున్నారు, ఎప్పటికిస్తారో? నాలుగు గోడలు, పైన స్లాబు దొరికాయి. నీళ్ళొక్కటే కదా. కొనుక్కుందాం. బుల్లియ్య గారు కొంచెం తగ్గించి ఇస్తారు. ఏమంటారండీ?"

ఆ మాటలో తొందర ఉంది, భయం ఉంది. ఆశ్చర్యమే లేదు. వెంకటదుర్గకి అదే తట్టింది. ఇంత విని కూడా తన మొగుడు ఒక్క ప్రశ్న అడగలేదు. పైప్ ఎక్కడుందని అడగలేదు, ఎన్నాళ్ళనుంచని అడగలేదు.

బుల్లియ్య కూడా అతనివైపే చూస్తున్నాడు. దోషమంతా తన ఒక్కడి నెత్తినే పడుతుంటే ఆ పెద్దమనిషికీ ఎక్కడో కాలింది.

"గంగరాజూ, నేను చెప్పనా, నువ్వు చెబుతావా?"

"ఏంటండి చెప్పేది?"

"ఈ రోజు ప్లాంటు వెనక మోటారు చప్పుడు లేదు, గమనించావా అమ్మా?" బుల్లియ్య వెంకటదుర్గ వైపు తిరిగాడు. "రోజూ ఏడింటికి మొదలవుతుంది. కొత్త మనిషి చేరి వారమైంది, ఒక్కరోజు మానలేదు. ఇవాళ మానింది. ఎందుకంటే ఆ మోటారు వేసే మనిషి సెలవు పెట్టి ఇక్కడ కూర్చున్నాడు."

పాపాయమ్మ గోనె పట్టుకుని మళ్ళీ కూర్చుంది. వెంకటదుర్గ తిరిగి చూసింది. తెల్లవారుజాము బస్సు, బ్లీచింగ్ చేతులు, హార్బరు. ఎనిమిది రోజులుగా తను తలవంచుకుని ఉతికిన ఆ చొక్కాలు.

"జేబులో ఏముంది?" అంది.

గంగరాజు చెయ్యి తీశాడు. ఎర్ర ప్లాస్టిక్ బిళ్ళ తగిలించిన ఇత్తడి తాళంచెవి. మోటారు షెడ్డుది.

"నాకు తెలీదే మొదట్లో," అన్నాడు. మాట సన్నగా వచ్చింది. "స్విచ్చి వెయ్యాలి, మీటరు చూడాలి, కట్టెయ్యాలి అన్నారు. నీళ్ళు ఎక్కడికి పోతాయో చెప్పలేదు. డ్రెయినులోకి అనుకున్నా."

"ఎప్పుడు తెలిసింది?"

అతను తాళంచెవిని వేళ్ళ మధ్య తిప్పాడు.

"ఎప్పుడు తెలిసిందయ్యా?"

"మూడోరోజు. పైప్ లీకైతే చూడమన్నారు. దాని వెంట నడుచుకుంటూ వచ్చాను. ఈ పెరట్లో తేలాను." ఒక్కసారిగా గొంతు పెంచాడు. "నన్నేం చెయ్యమంటావు? పడవ లేదు, వల లేదు. నాకు వచ్చింది సముద్రం ఒక్కటే. ఇల్లూ ఉద్యోగమూ పక్కపక్కనే ఉంటాయి, నీ అదృష్టం అన్నాడు మేనేజరు. ఎన్నాళ్ళయింది నాతో ఎవరైనా అదృష్టం అనే మాట అని?"

వెంకటదుర్గకి ఏడుపు ముంచుకొచ్చింది. సముద్రం వంటిల్లు తీసుకున్న రోజు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. మొగుడు తప్పు చేసినందుకు కాదు. ఐదారు రోజులు పక్కన పడుకుని, తెలిసి కూడా, పిల్లకి ఈ ఇల్లే ఖాయం చెయ్యమని తొందరపెట్టినందుకు. కొంగుతో కళ్ళు గట్టిగా తుడుచుకుంది. పాపాయమ్మ ఒళ్ళోని గోనెలో చేప ఒకసారి కొట్టుకుని ఆగిపోయింది. ఆమె విప్పి చూడలేదు.

బయట ప్లాంటు సైరన్ మోగింది. అలవాటైపోయినట్టు గంగరాజు సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. అది వెంకటదుర్గ చూసింది. ఈ మనిషి రేపు మళ్ళీ వెళతాడు. ఈ ఇల్లు కొన్నా వెళతాడు, కొనకపోయినా వెళతాడు. తాము కాకపోతే ఇంకో అమాయకుడు ఇదే వసారాలో కూర్చుని బాదంపాలు తాగుతాడు. ఆ ఇంటి ఆడపిల్ల ఇదే నీళ్ళతో అన్నం తింటుంది. తామేమో అమావాస్యకి స్కూలు వరండాలో పడుకుంటారు.

"జయపాల్ గారూ, ఇందాక చదివారు కదండీ. స్థలంలో ఉన్నవి. మళ్ళీ చదవండి."

జయపాల్ తడబడుతూ చదివాడు. "...పశువుల పాక, రెండు బోర్లు, ఆరు కొబ్బరిచెట్లు..."

"రెండు బోర్లూ కొన్నవాళ్ళవే అవుతాయా?"

"స్థలం ఎవరిదైతే బోర్లూ వాళ్ళవేనమ్మా."

"ప్లాంటువాళ్ళకి ఏదైనా రాసిచ్చారా బుల్లియ్య గారూ?"

"ఒక్క ముక్క లేదమ్మా. చెప్పానుగా, నోటిమాటే."

"అయితే రాయండి," అంది వెంకటదుర్గ. "ఈ నీళ్ళున్న ఇంటికి ఎంత విలువో అంతే రాయండి. నా పేర రాయండి. మా ఆయన పేరొద్దు."

"నీకేమైనా పిచ్చి పట్టిందా!" పాపాయమ్మ అరిచినంత పని చేసింది. "చేప చావడం చూశావు కదే!"

"చూశానత్తా. సముద్రాన్ని మనం ఆపలేకపోయాం. గోనెసంచులేశాం, రాళ్ళేశాం, కాళ్ళు పట్టుకున్నాం. ఆగలేదు. ఇది గొట్టం. సిమెంటు పోస్తే ఆగుతుంది." బేసినులో మిగిలిన నీళ్ళకేసి చూసింది. "కింద నీళ్ళు బాగుపడడానికి ఎన్నేళ్ళు పడుతుందో నాకు తెలీదు. అంతదాకా బిందెలు మోస్తాను. పిల్లని వాళ్ళ మేనత్త ఇంట్లోనే ఉంచుతాను. కానీ నా స్థలంలో నా పిల్లకి ఎవరూ విషం పొయ్యరు."

"వాళ్ళు ఊరుకోరమ్మా," అన్నాడు బుల్లియ్య. "నేనొకసారి ఆపమన్నాను. మర్నాడు మా అబ్బాయికి ఫోనొచ్చింది. ఇంక నేను నోరెత్తలేదు."

"బోరు మూస్తే నా పని పోద్ది," అన్నాడు గంగరాజు. ఇప్పుడు అతను లేచి నిలబడ్డాడు. "నా పనొక్కటే కాదు. ప్లాంటు ఆగితే అందులో పొట్టు తీసే ఆడాళ్ళు రెండొందల మంది, మన పేటవాళ్ళే సగం. వాళ్ళంతా నీ ఇంటిమీదకొస్తారు. ఆలోచించావా?"

ఆలోచించలేదు. ఆ రెండొందల మందిలో తన చెల్లెలు కూడా ఉందన్న సంగతి వెంకటదుర్గకి అప్పుడే గుర్తొచ్చింది. అయినా కుడిచెయ్యి చాపింది.

"తాళంచెవి ఇటివ్వు."

గంగరాజు పెళ్ళాం అరచేతి వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. గచ్చు మీద పడున్న మూడు చేపల వైపు చూశాడు. తర్వాత డబ్బు సంచిని చంకలో గట్టిగా అదుముకుని, ఎర్రబిళ్ళ తాళంచెవిని పిడికిట్లో బిగించి, వసారా మెట్టు దిగాడు.

జయపాల్ కలం మూత తీసి గోడ గడియారం చూశాడు. రాహుకాలానికి ఇంకా ఆరు నిమిషాలుంది. ప్రహరీ అవతల ఇనుప గేటు తెరుచుకున్న చప్పుడైంది. కాసేపటికి మోటారు మొదలైంది.